కుడిపక్క వాయించినవాళ్లకి భోజనం

మా గ్రూపులో ఉన్నది నలుగురమే. అందులో సంగీతం నేర్చుకున్న మనిషి ఒక్కరు, మిగిలిన ముగ్గురం విని విని చెడిపోయినవాళ్లం. ప్రతి ఆదివారం పొద్దున్న ఏడింటిలోపు, ఆ వారం ఎవరు ఏ ఆల్బమ్ వింటున్నారో ఫోనులో పెట్టాలి. మిగతా ముగ్గురూ వచ్చే ఆదివారంలోపు దాన్ని విని తీరాలి. వినడమంటే మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా, వరసగా, ఒక్కటి కూడా దాటెయ్యకుండా. నచ్చిన రెండు పాటలు విని ఆల్బమ్ విన్నాననేవాడూ, పులుసులో ముక్కలు ఏరుకు తిని భోంచేశాననేవాడూ మాకు ఒకటే. మా బావమరిది ఒకసారి అలా దొరికిపోయి, తాపేశ్వరం కాజాలు రెండు కిలోలు తెచ్చి పంచి లెంపలేసుకున్నాడు.

బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. లారీ నడుపుతాడు. మండపేట మిల్లుల్లో బియ్యం బస్తాలెక్కించుకుని కాకినాడ పోర్టులో దించడం వాడి పని, దారిపొడుగునా పాటలు వినడం వాడి ధ్యాస. రెండో ఆయన సొసైటీ గుమాస్తా గారు. పాత సినిమా పాటలంటే ప్రాణం పెడతారు. ఎవరేమన్నా నోటుబుక్కులో రాసుకోవడం ఆయన జబ్బు. మూడో ఆవిడ టీచరు గారు. బడిలో పిల్లలకి సంగీతం చెప్పి రిటైరయ్యారు. నలభై ఏళ్లుగా లూథరన్ చర్చిలో క్వాయర్ నడిపిస్తున్నారు, హార్మోనియం ఆవిడదే. ఆదివారం ఏడింటిలోపు అన్న రూలు కూడా ఆవిడ కోసమే, తర్వాత ఆరాధనకి వెళ్లిపోతారు కాబట్టి.

ఇక నేను. రైసుమిల్లు ఫిట్టర్ని. మిల్లు ఆడుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అంత రొదలోనూ స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి కుడిచెవికి ఆనించి, "ఇది పది రోజులేనండీ, తర్వాత మీ ఇష్టం" అని ఓనరు గారికి చెప్పేసేవాణ్ణి. పది రోజులన్నది పన్నెండు కాలేదు ఎప్పుడూ. పక్క ఊరి మిల్లులవాళ్లు కూడా బండి పంపించి తీసుకెళ్లేవారు. ఫిట్టరు గారి చెవి అంటే చెవి అనేవారు. నాకు ఆ మాట వినపడినప్పుడల్లా మీసం దానంతటదే లేచేది. దాచుకోవడం దేనికి, పొగరు ఉండేది.

మేము నలుగురం కలిసింది బజార్లో ఒక క్యాసెట్ల కొట్టు దగ్గర. కొట్టు సెల్‌ఫోన్ల కొట్టుగా మారిపోతున్న రోజున ఓనరు మిగిలిన క్యాసెట్లన్నీ అట్టపెట్టెలో పోసి ఎవరిక్కావాల్సినవి వాళ్లు పట్టుకెళ్లండన్నాడు. నలుగురం ఒకే సన్నాయి క్యాసెట్టు మీద చెయ్యి వేశాం. టీచరు గారి ముందు మేం ముగ్గురం వెనక్కి తగ్గినట్టు నటించాం. ఆవిడ దాన్ని తీసుకుని, "వారానికొకరం విందామండీ, విన్నాక ఎలా ఉందో చెప్పుకుందాం" అన్నారు. అలా మొదలైంది. తర్వాత క్యాసెట్లు పోయి ఫోన్లు వచ్చాయి, చెప్పుకోవడం మాత్రం పోలేదు.

భోజనం సంగతి కూడా ఆవిడ పుణ్యమే. ఒక ఆల్బమ్‌లో ఘటం వాయించినాయన గురించి మాట్లాడుతూ, "ఈయనకి ఒక్క పూట మా ఇంట్లో అన్నం పెట్టాలండీ" అన్నారు. ఆ మాట మాకు తెగ నచ్చేసింది. అప్పట్నుంచి విన్న ప్రతి ఆల్బమ్‌లోనూ ఒక్కరికి భోజనం పెట్టాలి. పాడినవాళ్లకి కాదు, వాళ్లకి పెట్టేవాళ్లు ఊరూరా ఉంటారు. వెనకాల కూర్చుని వాయించినవాళ్లకే. ఎవరికి పెడతామో, ఏమేం పెడతామో వివరంగా రాయాలి. ఒకసారి గుమాస్తా గారు తంబురా మీటినావిడకి రెండు ఇడ్లీలు రాశారు. నాకు ఒళ్లు మండిపోయింది. "గంటన్నర పాటు కదలకుండా శ్రుతి పట్టిన మనిషికి టిఫినాండీ? మనుషులేనా మీరు?" అని రాశాను. ఆయన నొచ్చుకుని, సాయంత్రానికి ములక్కాడ పులుసూ, కందిపొడీ, గడ్డపెరుగూ చేర్చారు.

నా భోజనాలు మాత్రం గ్రూపులో పేరుపడ్డాయి. మృదంగానికి పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం. డప్పు వాయించినవాళ్లకి కొరమీను పులుసు, రొయ్యల వేపుడు, పైన పూతరేకులు. మా ఆవిడ ఫోను తీసి చదివి, "నాకు మాటమాత్రం చెప్పకుండా ఎంతమందిని పిలిచేశారండీ?" అనేది. ఇన్నేళ్లలో ఒక్కళ్లు కూడా రాలేదు కాబట్టి బతికిపోయింది.

నిరుడు మా ఇంట్లో పాటల మీద ఆంక్షలు వచ్చాయి. నేను స్పీకరు సౌండు పెంచుతున్నానని మా ఆవిడ, మీ ఇంట్లో పెళ్లేమైనా జరుగుతోందా అని పక్కింటివాళ్లు. "సౌండు నేను పెంచడం కాదే, స్పీకరు నీరసించింది" అన్నాను. ఆవిడ స్పీకరుతో వాదించకుండా బజారుకెళ్లి చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు కొనుక్కొచ్చింది. పెట్టుకున్నాను. ఎడమదాంట్లో పాట ఖంగుమంటోంది, కుడిది కుయ్యిమనడం లేదు. ఇప్పటి సరుకంతా ఇంతే అని నాలుగు తిట్లు తిట్టి ఊరుకున్నాను. రెండు చెవులకీ వచ్చే పాట అదే కదా, ఒకదాంట్లో వస్తే చాలు అనుకున్నాను. ఒక్క స్పీకరున్న టేప్‌రికార్డరుతో పెరిగినవాడికి అంతకన్నా ఏం తడుతుంది? రోజూ మోటార్లు విప్పి బిగించేవాణ్ణి, ఆ రెండో వైరు ఎందుకుందని ఒక్కసారి కూడా అడగలేదు.

అలా ఆర్నెల్లు గడిచాక ఒక ఆదివారం టీచరు గారు రాశారు: "ఈ వారం నేను వింటున్నది మాదే అండి. చర్చిలో ఎనిమిది కీర్తనలు రికార్డు చేయించాం. సిగ్గుగానే ఉంది. ఫిట్టరు గారు ఏమంటారో చూడాలి."

నన్ను పేరుపెట్టి అడిగారు. ఇక చూడండి నా వాలకం. సోమవారం నుంచి శనివారం దాకా రోజూ విన్నాను. ఆదివారం పొద్దున్న కళ్లజోడు తుడుచుకుని, ఒక్కొక్క మాటా ఏరుకుని రాశాను: "గొంతులు చక్కగా కలిశాయి. ఆడవాళ్ల వరస మరీ బాగుంది. కానీ టీచరు గారూ, ఏ వాద్యమూ లేకుండా ఒట్టి గొంతులతో నడిపించడం సాహసమే. నాకు వెలితిగా అనిపించింది. వాయించినవాళ్లు లేరు కనక ఈ వారం భోజనం ఎవరికీ లేదు."

రాసి, మెచ్చుకోలు కోసం కూర్చున్నాను. అందరూ చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. కాసేపటికి బావమరిది ఫోను చేశాడు.

"ఏంటి బావా అది? ఆవిడతో ఏమన్నా గొడవా?"

"గొడవేంట్రా? ఉన్నమాట రాశాను."

"వాయించినవాళ్లు లేరా? ఎంత మాటన్నావు బావా! పెద్దావిడ... నోరెలా వచ్చింది?"

"సంగీతం గురించి నాకు చెప్పకు. లారీ చూసి నడుపుకో" అని పెట్టేశాను. నా కోపం అలాంటిది. అవతలివాడు ఏమంటున్నాడో పూర్తిగా వినకముందే వచ్చేస్తుంది.

ఆ తర్వాతి ఆదివారం టీచరు గారు ఏమీ రాయలేదు. ఇన్నేళ్లలో ఒక్క వారం కూడా తప్పని మనిషి. జ్వరంతో మంచం మీదుండి కూడా, "ఈ వారం వినడానికి ఓపిక లేక మా కోడలి కూనిరాగాలు వింటున్నానండి" అని రాసిన మనిషి. నాకు లోపల ఎక్కడో పీకింది గానీ, పొగరు ఊరుకోదు కదా. ఉన్నమాటంటే ఉలుకెందుకు అనుకున్నాను.

మంగళవారం మిల్లుకి బెల్టులు కావాల్సి వచ్చి, బావమరిది లారీలోనే కాకినాడ బయల్దేరాను. వాడి కోపం ఇంకా తగ్గలేదు. కాలవగట్టు ఎక్కాక పాటలు పెట్టాడు. కేబిన్లో రెండు పక్కలా రెండు స్పీకర్లు. టీచరు గారి ఆల్బమే. మొదటి కీర్తన ఎత్తుకోకముందే హార్మోనియం మొదలైంది. అబ్బ, ఏం హార్మోనియం! ముందు నడిచి గొంతులకి దారి చూపిస్తోంది. వాళ్లు ఊపిరి తీసుకునే చోట తనొక్కతే నిలబడి, మళ్లీ వాళ్లు వచ్చేసరికి పక్కకి తప్పుకుంటోంది.

"ఇదెప్పుడు చేశార్రా? మళ్లీ రికార్డు చేయించారా?"

నేను సీట్లో వాడివైపు తిరిగాను, వాడు నా మొహంలోకి చూశాడు. "ఎహె, ఏం మాట్లాడుతున్నావు బావా? నువ్వు విన్నది ఇదే."

"ఇది కాదు. అందులో హార్మోనియం లేదు."

"ఉంది బావా."

"లేదురా!"

జేబులోంచి ఫోనూ ఇయర్‌ఫోన్లూ తీసి పెట్టుకున్నాను. అదే కీర్తన. గొంతులు వచ్చాయి. హార్మోనియం లేదు. చూశావా అన్నట్టు ఎడమది తీసి వాడికి ఇవ్వబోయి ఆగాను. మా పనిలో అనుమానం వస్తే మొదట చేసేది ఒకటే, పార్టు మార్చి చూడటం. ఈ మోటారు బేరింగు ఆ మోటారుకి వేసి చూస్తాం. చప్పుడు దాంతోపాటు వెళ్తే తప్పు బేరింగుది. చప్పుడు ఇక్కడే ఉండిపోతే తప్పు మోటారుది. కుడిది తీసి ఎడమచెవిలో పెట్టుకున్నాను, ఎడమది కుడిచెవిలో పెట్టుకున్నాను.

హార్మోనియం వచ్చింది. ఒక్కతే, నిండుగా. గొంతులు పోయాయి. రికార్డింగులో గొంతులు ఒక వైరులో, హార్మోనియం రెండో వైరులో పెట్టారన్నమాట.

ఆర్నెల్లుగా పాడైందనుకున్న ఇయర్‌ఫోను బంగారంలా పనిచేస్తోంది. తప్పు నాది. వాడు లారీ పక్కకి తీసి ఆపాడు. నేను మళ్లీ మార్చి చూశాను, మళ్లీ మళ్లీ మార్చి చూశాను. ఎన్నిసార్లు మార్చినా కుడిచెవిలో పెట్టినవాళ్లు నోరు విప్పలేదు. భయమేసింది. ఈ చెవి పెట్టుబడిగా ముప్పయ్యేళ్లు బతికినవాణ్ణి, అది ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియలేదు. మిల్లులో స్క్రూడ్రైవరు పిడి అదురు చేతికి తెలుస్తుంటే, చెవికి తెలుస్తోందనుకున్నాను.

వాడు మంచినీళ్లిచ్చాడు. ఇచ్చి, అప్పటిదాకా దాచిన సంగతొకటి చెప్పాడు. టీచరు గారు హార్మోనియం మీద గుడ్డ కప్పేశారట. వచ్చే నెల నుంచి యూత్ వాళ్లు కీబోర్డు తెచ్చుకుని వాయించుకోవచ్చని చర్చిలో చెప్పేశారట.

"నేను రాసినందుకా?"

"మరి? ఆవిడ ఇంకెవరి మాట వింటారు?"

ఉపాయం కూడా వాడే చెప్పాడు. "ఇయర్‌ఫోను పాడైంది, చూసుకోలేదు, క్షమించండి అని రాసెయ్ బావా. అయిపోద్ది. నీ చెవి సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు. మిల్లులో అసలు తెలియక్కర్లేదు."

ఉపాయం బ్రహ్మాండంగా ఉంది. అక్కడికక్కడే గ్రూపులో అలాగే రాశాను. హార్మోనియం అద్భుతంగా ఉందని కూడా రాశాను. పది నిమిషాలకి టీచరు గారి జవాబు వచ్చింది.

"మీరు పెద్దమనసుతో సర్దిచెబుతున్నారు ఫిట్టరు గారూ. అక్కర్లేదండి. ఏడాదిగా నా వేళ్లు బిగుసుకుపోతున్నాయి. ఎవరూ చెప్పడం లేదు గానీ నాకు తెలుస్తూనే ఉంది. మీ చెవి అబద్ధం చెప్పదు. దానికి వినపడలేదంటే అక్కడ ఏమీ లేనట్టే."

చదివి తల కొట్టేసినట్టయింది. నేను మోసిన గొప్పంతా తిరిగొచ్చి ఆవిడ మీద పడింది. నా చెవి చెడిపోయిందని చెప్తే తప్ప ఆవిడ తన వేళ్లని నమ్మరు. చెప్తే ఫిట్టరు గారి చెవి అనే మాట ఈ మండపేటలో మళ్లీ వినపడదు. కాకినాడ వెళ్లాం, బెల్టులు కొన్నాం, తిరిగొచ్చాం. ఏం కొన్నానో నాకు గుర్తులేదు. ఒక సైజు తప్పు తెచ్చానని మర్నాడు తెలిసింది.

మూడు రోజులు ఏమీ రాయలేకపోయాను. మా ఆవిడకి చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను.

"అది నాకు రెండేళ్లుగా తెలుసు" అంది కూర తరుగుతూ. "మంచం మీద కుడిపక్క పడుకుంటే మీకు నా మాట వినపడదని, నేను పక్క మార్చేసుకోలేదూ?"

"చెప్పొచ్చు కదే!"

"చెప్పానండీ. కుడిపక్క నుంచి చెప్పాను."

శనివారం పొద్దున్న కూర్చుని రాశాను. మొదట గొప్పలు లేకుండా ఒక్క వాక్యం: "నాకు కుడిచెవి వినపడదు." అది రాయడానికి గంట పట్టింది, తర్వాతది దానంతటదే వచ్చింది. లారీలో జరిగిందీ, ఇయర్‌ఫోన్లు మార్చి చూసిందీ, అబద్ధం రాసిందీ అన్నీ రాశాను. "మీ గొంతులు ఎడమవైపు ఉన్నాయి, మీ హార్మోనియం కుడివైపు ఉంది టీచరు గారూ. లేనిది మీ వేళ్లలో కాదు, నాలో" అని రాసి, కళ్లు మూసుకుని పంపించేశాను.

మొదట గ్రూపులోకి గుమాస్తా గారు వచ్చారు, నోటుబుక్కుతో సహా. "నాకిప్పుడు అర్థమైందండీ! ఫిట్టరు గారు ఆర్నెల్లుగా ఒక్క వయొలిన్‌కీ భోజనం పెట్టలేదు. మృదంగాలకే పెడుతున్నారు. వీణ వెనకాల కంజీర వాయించినాయన్ని అసలు లేడన్నారు. వయొలిన్ వాళ్లతో ఈయనకేదో పాతకక్ష ఉందని నేను వేరే పేజీలో రాసి పెట్టుకున్నాను." ఆ కింద పేర్లు తెలిసినవాళ్లవి పేర్లతో, తెలియనివాళ్లవి వాద్యాలతో, నేను పస్తుంచినవాళ్ల జాబితా మొత్తం పెట్టారు. పదకొండుమంది. అందరూ కుడిపక్క కూర్చున్నవాళ్లే. చదువుతుంటే నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లనీళ్లు తిరిగాయి.

టీచరు గారు చాలాసేపటికి ఒక్క ముక్క రాశారు: "అయితే నా భోజనం సంగతేంటండీ?"

మా ఆవిడకి చూపించాను. "రేపు ఆరాధన అయ్యాక రమ్మనండి. హార్మోనియం కూడా తెమ్మనండి. గుడ్డతో సహా" అంది.

ఇన్నేళ్ల రాతల్లో నిజంగా ఇంటికొచ్చిన భోజనం అదొక్కటే. బావమరిది లారీ కేబిన్లోంచి హార్మోనియం దిగింది, వెనకాల టీచరు గారు దిగారు. ఆవిడ మొహంలోకి చూడలేక నేను హార్మోనియం పట్టుకుని లోపలికి వచ్చేశాను. పనసపొట్టు కూర, గుత్తివంకాయ, కొరమీను పులుసు, దప్పళం, పెరుగావడ, పూతరేకులు. గుమాస్తా గారు విస్తరి ముందు కూర్చుని నోటుబుక్కులో టిక్కులు పెట్టుకున్నారు. రాసినవన్నీ వచ్చాయని ఆయనే ప్రకటించారు.

భోజనాలయ్యాక టీచరు గారు కుర్చీ ఒకటి లాక్కుని, గదంతా ఒకసారి చూసి, నా ఎడమపక్కకి వచ్చి కూర్చున్నారు. "ఇటువైపేనా అండి?" అన్నారు.

"ఆయ్, ఇటువైపేనండి."

గుడ్డ తీశారు. ఆల్బమ్‌లో మొదటి కీర్తన వాయించారు. నాకు అడుగు దూరంలో, గొంతులేమీ లేకుండా. ఆ వేళ్లు బిగుసుకుపోయాయని ఎవరన్నా అంటే నేను తగవు పెట్టుకుంటాను. రెండో చరణం సగంలో ఒక్కచోట మాత్రం వేలు జారి పక్కమెట్టు తగిలింది. రెప్పపాటు. బావమరిదికి తెలియలేదు, గుమాస్తా గారు తల ఊపుతూనే ఉన్నారు. అయిపోయాక ఆవిడ నావైపు తిరిగారు.

"ఎలా ఉందండీ?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆ కళ్లు చూసి చెప్పలేకపోయాను. "రెండో చరణంలో వేలు జారిందండీ. ఒక్కసారే."

ఆవిడ మొహం విప్పారింది. "విన్నారా?" అని మిగతావాళ్లవైపు తిరిగారు. "ఎవరికీ వినపడలేదు. ఈయనకి వినపడింది. చెవి ఎక్కడికీ పోలేదండీ, ఒకపక్కకి సర్దుకుంది, అంతే."

ఇప్పుడు మిల్లులో స్క్రూడ్రైవరు ఎడమచెవికి ఆనిస్తున్నాను. ఓనరు గారికి చెప్పేశాను. రాజమండ్రిలో డాక్టరు గారికి చూపించుకున్నాను, చెవికి మిషను పెట్టుకోమన్నారు, పెట్టుకుంటాను. చర్చిలోకి కీబోర్డు రాలేదు. గుమాస్తా గారి జాబితాలో పదకొండుమందికీ, ఇయర్‌ఫోన్లు తిప్పి పెట్టుకుని విని, వారానికొకరికి భోజనం పెడుతున్నాను. ఇంకా నలుగురున్నారు.

టీచరు గారి ఆల్బమ్ మాత్రం వారం వారం వింటూనే ఉన్నాను. ఎనిమిది కీర్తనలు. మామూలుగా ఒకసారి, తిప్పి పెట్టుకుని ఒకసారి. అందులో ఎక్కడా ఆవిడ వేలు జారలేదు. మా ఇంట్లో ఆ ఒక్కచోట ఎందుకు జారిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.